డబ్బిచ్చి గుర్రానికి క్లిప్పింగ్ (మెషిన్‌తో బొచ్చు కత్తిరింపు) చేయిస్తే ఇలా అయింది, ఇప్పుడు ఏం చేయాలి?

గౌరివాళ్ళమ్మ (లెస్టర్ దగ్గర)
2024 అక్టోబర్ 26, శనివారం, రాత్రి 7:50

అందరికీ నమస్కారం. చేతులు వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే మన్నించండి.

మా గౌరి చాలామందికి తెలుసు. నలుపు తెలుపు మచ్చల కాబ్ (బలిష్ఠంగా ఉండే రకం గుర్రం), 14 హ్యాండ్స్ (నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు) ఎత్తు, పదకొండేళ్ళు. సెప్టెంబర్ నుంచే దానికి బొచ్చు దట్టంగా వచ్చేసింది. కాస్త పరిగెత్తిస్తే చాలు, చెమటతో ముద్దయిపోతుంది. ఆరడానికి గంటన్నర పడుతోంది. అందుకే ఈ ఏడాది మొదటిసారి డబ్బిచ్చి క్లిప్ చేయిద్దామనుకున్నాను. మా లివరీ యార్డ్‌లో (డబ్బు కట్టి గుర్రాలను ఉంచే చోట) ఇద్దరు ముగ్గురికి చేసిన ఆవిడనే పిలిచాను. 50 పౌండ్లు అన్నారు, సరే అన్నాను.

మేం అనుకున్నది ట్రేస్ క్లిప్. మెడ కింద, రొమ్ము, పొట్ట మాత్రమే తీయాలి. తల, వీపు, కాళ్ళు అలాగే ఉంచాలి. కాళ్ళ ఫెదర్ (కింద గిట్టల మీద పడే పొడవాటి బొచ్చు) అస్సలు ముట్టుకోవద్దని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. ఈ రోజు నాకు డ్యూటీ పడింది, దగ్గర ఉండలేకపోయాను.

సాయంత్రం ఆరున్నరకు యార్డ్‌కి వెళ్ళి చూస్తే మెడ మొత్తం గొరిగేసి ఉంది. కుడి పక్క గీత ఒక ఎత్తులో ఉంది, ఎడమ పక్క ఇంకో ఎత్తులో ఉంది. పొట్ట మీద దుక్కి దున్నినట్టు చాళ్ళు. ముందుకాళ్ళు రెండింటికీ ఫెదర్ లేదు. మూతి మీసాలు కూడా తీసేశారు. బయట చినుకులు పడుతున్నాయి, గుర్రం ఒంటి మీద కప్పే రగ్గు లేకుండా నిలబడి ఉంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేరే. ఎడమ ముందుకాలి మోచేతి వెనక, చర్మం ముడత పడే చోట, గాయాలకు వాడే ఊదారంగు స్ప్రే కొట్టి ఉంది. దగ్గరగా చూస్తే అడుగున తెగింది. నా బొటనవేలంత పొడవు ఉంటుంది. నాకు ఫోన్ లేదు, మెసేజ్ లేదు. ఆవిడ పేరు … [తొలగించబడింది]. డబ్బు పొద్దున్నే పంపేశాను.

ఏం చేయమంటారు? ఇప్పుడే ఫోన్ చేసి అడగనా? యార్డ్ గ్రూపులో ఫోటోలు పెట్టేయనా?

నిర్వాహకులు
రాత్రి 7:58

గౌరివాళ్ళమ్మ గారూ, క్లిప్ చేసినావిడ పేరు తీసేశాను. మీ బాధ అర్థమవుతోంది. కానీ ఇక్కడ ఎవరి పేర్లూ వద్దు. మిగతాదంతా రాయండి.

కెంటకీగడ్డి (లెక్సింగ్టన్)
రాత్రి 8:04

అక్కా, ఫోన్, ఫోటోలు, డబ్బు అన్నీ తర్వాత. ముందు ఆ గాయం చూడండి. నేను ఇక్కడ గుర్రాల ఆసుపత్రిలో టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాదు. కానీ క్లిప్పర్ గాయాలు చాలా చూశాను.

మంచి వెలుతురులో చూడండి. పైన గీసుకుపోయినట్టు ఉందా, లేక చర్మం పూర్తిగా తెగి రెండు అంచులూ విడిపోయాయా? కాలు ముందుకు వేసినప్పుడు నోరు తెరిచినట్టు తెరుచుకుంటోందా? అలా ఉంటే ఈ రాత్రే డాక్టర్‌ని పిలవాలి. కుట్లు వేయాల్సిన గాయం తెల్లారేదాకా ఆగితే అంచులు ఎండిపోయి, మురికి చేరి, కుట్లు సరిగ్గా నిలవవు. ఆ చోటు నడిచినప్పుడల్లా కదులుతూనే ఉంటుంది.

మళ్ళీ స్ప్రే కొట్టొద్దు, పౌడరూ క్రీమూ వద్దు. ఉప్పునీళ్ళతో మెల్లగా కడగండి. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు రెండు చెంచాల ఉప్పు చాలు. రంగు స్ప్రే వల్ల గాయం ఎంత లోతో డాక్టర్‌కి కనపడదు, అదే పెద్ద ఇబ్బంది.

టెటనస్ టీకా ఎప్పుడు వేయించారో గుర్రం పాస్‌పోర్ట్‌లో చూసి పెట్టుకోండి. గుర్రాలకు టెటనస్ చాలా తేలిగ్గా వస్తుంది. గాయం చిన్నదైనా ఈ ఒక్క విషయం మర్చిపోవద్దు.

పచ్చికబయలు (వేల్స్)
రాత్రి 8:09

డాక్టర్ కోసం చూస్తూనే దానికి రగ్గు వేయండి తల్లీ. మెడ బొచ్చు కూడా పోయింది కాబట్టి మెడ కప్పు ఉన్న రగ్గయితే మంచిది. తడిగా ఉంటే ముందు గడ్డితో గట్టిగా రుద్ది ఆరబెట్టండి. తినడానికి ఎండుగడ్డి వేయండి, గుర్రానికి లోపలి వేడి దాని నుంచే వస్తుంది. చెవుల మొదట్లో చెయ్యి పెట్టి చూడండి, చల్లగా తగులుతుంటే ఇంకో రగ్గు వేయండి.

గౌరివాళ్ళమ్మ
రాత్రి 11:55

డాక్టర్ వచ్చి వెళ్ళారు. చర్మం పూర్తిగా తెగింది, మూడు సెంటీమీటర్లు. కండకు తగల్లేదట, అదృష్టం. మత్తు ఇచ్చి ఐదు కుట్లు వేశారు. టెటనస్ టీకా పోయిన ఏడాదే వేశాం కాబట్టి ఆ భయం లేదన్నారు. కుట్లు 12 రోజుల తర్వాత తీస్తారు. అంతవరకు జీను వేయకూడదు, జీను పట్టీ సరిగ్గా అక్కడే పడుతుంది. అత్యవసర పిలుపు కాబట్టి బిల్లు 340 పౌండ్లు.

కెంటకీ తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే నేను పొద్దున చూద్దాంలే అనుకునేదాన్ని. ఆ స్ప్రే చూసి, ఆవిడ మందు వేసింది కదా అనుకున్నాను.

బ్లేడునూనె (ప్రెస్టన్)
అక్టోబర్ 27, ఆదివారం, ఉదయం 8:20

నేను ఎనిమిదేళ్ళుగా శని, ఆదివారాల్లో క్లిప్పింగ్ చేస్తున్నాను. అవతలి వైపు నుంచి కొంచెం చెప్పనివ్వండి. ఆవిడను వెనకేసుకు రావడానికి కాదు, ఏం జరిగి ఉంటుందో మీకు తెలియాలని.

పొట్ట మీద చాళ్ళు పడటానికి కారణాలు కొన్నే. గుర్రం ఒంట్లో మట్టి, నూనె జిడ్డు ఉండటం ఒకటి. బ్లేడు మొద్దుబారడం ఇంకొకటి. బ్లేడు బిగింపు సరిగ్గా లేకపోవడం మూడోది. వదులుగా ఉంటే వెంట్రుక తెగకుండా లాగుతుంది, మరీ బిగిస్తే బ్లేడు బాగా వేడెక్కిపోతుంది. తొందరపడి మెషిన్‌ని తోసినా చాళ్ళు పడతాయి. గౌరిని ముందు రోజు కడిగారా? కాబ్ బొచ్చులో దుమ్ము ఉంటే కొత్త బ్లేడు కూడా సగం గుర్రానికే అయిపోతుంది.

ఎక్కువ తీసేయడం ఎలా జరుగుతుందంటే, ఒక పక్క గీత అంగుళం పైకి పోతుంది. రెండో పక్క దానికి సరిపెట్టబోతే అది ఇంకో అంగుళం పైకి పోతుంది. చివరికి ట్రేస్ కాస్తా బ్లాంకెట్ క్లిప్ (ఇంకా ఎక్కువ బొచ్చు తీసేసే రకం) అవుతుంది. కాళ్ళకూ అంతే. ఒక కాలి ఫెదర్‌లో పొరపాటున ఒక దారి పడితే, రెండూ ఒకేలా ఉండాలని రెండోదీ తీసేస్తారు. నేనూ మొదటి ఏడాది ఇలా ఒకరి గుర్రాన్ని పాడుచేశాను. వెంటనే ఆగి ఓనర్‌కి ఫోన్ చేయాల్సింది, చేయలేదు. ఇప్పటికీ ఆ విషయం గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

మోచేతి వెనక, వెనకకాలు డొక్కకు కలిసే మడత, ఈ రెండు చోట్లా చర్మం వదులుగా, పల్చగా ఉంటుంది. ముందుకాలు ఎవరైనా ఎత్తి ముందుకు లాగి పట్టుకుంటే చర్మం సాగుతుంది, అప్పుడు మెషిన్ పెట్టాలి. ఒంటరిగా చేసేవాళ్ళకు ఇక్కడే తెగుతుంది. అందుకే గుర్రాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలని నేను ముందే చెబుతాను. మనిషి లేకపోతే వెనక్కి వెళ్ళిపోతాను. మీరు లేకుండా ఒప్పుకోవడం ఆవిడ తప్పు. కొంచెం మీ తప్పు కూడా ఉంది, ఏమీ అనుకోకండి.

గౌరివాళ్ళమ్మ
ఉదయం 9:05

అనుకోవడానికి ఏముందన్నా, నిజమే. నేను ఉండాల్సింది. శుక్రవారం సాయంత్రం దువ్వాను కానీ కడగలేదు, చలి అని. చాళ్ళకు నేను ఆవిడను ఏమీ అనను.

కానీ ఆ స్ప్రే సంగతి నా వల్ల కావడం లేదు. స్ప్రే కొట్టిందంటే తెగిందని తెలుసు కదా. తెలిసి కూడా నాకు ఒక్క మెసేజ్ పెట్టలేదు. నేను డ్యూటీ నుంచి నేరుగా ఇంటికి వెళ్ళిపోయి ఉంటే?

పచ్చికబయలు
ఉదయం 9:30

బ్లేడునూనె గారు చెప్పింది పద్ధతిగా ఉంది, కానీ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. గీత పైకి పోవడం చేతి తప్పు. చెప్పకుండా వెళ్ళిపోవడం వేరే. పదిహేనేళ్ళలో నా గుర్రాలకు నలుగురు క్లిప్ చేశారు, ముగ్గురి చేతుల్లో ఎక్కడో ఒకచోట గీరుకుంది. ఆ ముగ్గురూ ఫోన్ చేసి చెప్పారు, వాళ్ళనే మళ్ళీ పిలిచాను.

మీసాల గురించి ఒక మాట. అవి అందానికి ఉన్నవి కావు. గుర్రానికి మూతి కింద ఏముందో కనపడదు, ఆ వెంట్రుకలతోనే తడుముకుంటుంది. అంతర్జాతీయ పోటీల్లో ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) 2021 జులై 1 నుంచి వాటిని కత్తిరించడం నిషేధించింది. జర్మనీలో అంతకు చాలా ముందు నుంచే నిషేధం ఉంది. ఇంకా అలవాటుగా తీసేసేవాళ్ళు ఉన్నారు. ఇది కూడా ముందే చెప్పాల్సిన విషయమైపోయింది. కొన్ని వారాలు బకెట్, తొట్టి దగ్గర మూతి కొట్టుకుంటుందేమో గమనించండి.

మలక్‌పేటమనవడు (హైదరాబాద్)
మధ్యాహ్నం 12:10

చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు అక్కా. మలక్‌పేట రేసుకోర్సులో ముప్పై ఏళ్ళు సైసుగా (గుర్రాలను చూసుకునే పనివాడిగా) చేశాడు. మన దగ్గర చలి తక్కువ, అయినా చలికాలంలో పందెం గుర్రాలకు మెషిన్ పట్టేవాళ్ళు. తాత మెషిన్ ఆన్ చేసే ముందు గుర్రం మీద చాక్‌పీసుతో గీత గీసేవాడు. వీపు మీదుగా ఒక తాడు వేసి, రెండు పక్కలా ఒకే ఎత్తులో గుర్తు పెట్టి, ట్రైనర్‌ని పిలిచి చూపించి, ఆయన ఊ అన్నాకే మొదలుపెట్టేవాడు. పది నిమిషాలకోసారి బ్లేడును ముంజేతికి ఆనించి వేడి చూసేవాడు. ఆయన ముంజేతి మీద ఒకచోట వెంట్రుకలే ఉండేవి కావు.

ఇప్పుడు నేను పనిచేసే రైడింగ్ స్కూల్లో మార్వాడీ గుర్రాలు ఉన్నాయి. వాటి చెవులు లోపలికి తిరిగి కొసలు కలుసుకుంటాయి. ఆ చెవుల దగ్గర మెషిన్ పెట్టే ధైర్యం నాకు లేదు, కత్తెరతోనే చేస్తాను. లోపలి వెంట్రుకలు అసలు ముట్టను, ఈగలు పోకుండా అవే కాపాడతాయి.

అక్కా, మీరు ఆవిడతో మాట్లాడండి. గుర్రం ముందు నిలబెట్టి మాట్లాడండి. ఫోన్‌లో ఎవరైనా ఏదైనా అంటారు. కుట్లు కళ్ళారా చూస్తే మాట మారుతుంది.

లాయంలెక్కలు (రీడింగ్)
సాయంత్రం 6:45

చట్టం సంగతి నేను చెబుతాను. ఇంగ్లండ్‌లో 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ (వినియోగదారుల హక్కుల చట్టం) ఉంది. డబ్బు తీసుకుని వ్యాపారంగా ఎవరు ఏ సేవ చేసినా తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలి. ఆవిడ ఇది వారాంతాల్లో మాత్రమే చేస్తున్నా సరే వర్తిస్తుంది. పని గురించి ఆవిడ మీకు ఇచ్చిన మాట మీద ఆధారపడి మీరు ఒప్పుకుంటే, నోటిమాట అయినా అది ఒప్పందంలో భాగమే.

పని సరిగ్గా లేకపోతే మొదట మళ్ళీ చేయమని అడగవచ్చు. మళ్ళీ చేయడం కుదరని పని అయితే ధర తగ్గించమని అడగవచ్చు. తీసేసిన ఫెదర్‌ని తిరిగి అతికించలేరు కాబట్టి మీది రెండోదే. తగ్గిస్తామని ఒప్పుకున్న రోజు నుంచి 14 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలి. డాక్టర్ బిల్లు దీనికి వేరు, అది నష్టపరిహారం. డాక్టర్‌కి మీరే కట్టాలి, కట్టి ఆవిడను అడగాలి.

ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి, కానీ ఉందనగానే సంతోషపడకండి. మామూలు పబ్లిక్ లయబిలిటీ చాలాసార్లు చేతిలో ఉన్న జంతువుకు వర్తించదు. మీ గుర్రం తన్ని పక్కవాళ్ళకు దెబ్బ తగిలితే ఇస్తారు, ఆవిడ పట్టుకుని పని చేస్తున్న గుర్రానికే దెబ్బ తగిలితే ఇవ్వరు. దానికి 'కేర్, కస్టడీ అండ్ కంట్రోల్' అని వేరే కవర్ ఉండాలి. ఈసారి ఎవరిని పిలిచినా ముందే ఇది అడగండి.

యార్డ్ గ్రూపులో ఈ రోజు ఏమీ పెట్టకండి. మాట్లాడాక కూడా తేలకపోతే, జరిగింది జరిగినట్టు, మీకు తెలిసినంతవరకే రాయండి. ‘ఆవిడకు పని రాదు’ అని రాయడం వేరు, ‘26న చేసిన క్లిప్‌లో నా గుర్రానికి ఐదు కుట్లు పడ్డాయి’ అని రాయడం వేరు. ఫోటోలకు తేదీ కనపడేలా దాచుకోండి. ఎడమ, కుడి, పొట్ట, గాయం, అన్నీ. కోర్టు దాకా పోవాల్సి వస్తే ఇలాంటి చిన్న మొత్తాలకు స్మాల్ క్లెయిమ్స్ అనే పద్ధతి ఉంది, లాయర్ అక్కర్లేదు. అంతదాకా పోదనే నా నమ్మకం.

గౌరివాళ్ళమ్మ
అక్టోబర్ 28, సోమవారం, రాత్రి 9:15

ఆవిడకు రాత్రి మెసేజ్ పెట్టాను. మనవడు తమ్ముడు చెప్పినట్టే గుర్రం దగ్గరికి రమ్మన్నాను. నేను పంపింది ఇది:

‘శనివారం మీరు వెళ్ళాక గౌరికి మోచేతి వెనక గాయం చూశాను. డాక్టర్ వచ్చి ఐదు కుట్లు వేశారు. మనం అనుకున్న క్లిప్ కూడా ఇది కాదు. నాకు గొడవ పెట్టుకోవాలని లేదు. ఒకసారి వచ్చి చూసి, ఏం జరిగిందో నాకు చెప్పండి.’

ఈ సాయంత్రం వచ్చారు. పాతికేళ్ళు ఉంటాయేమో, నేను పెద్దావిడ అనుకున్నాను. కుట్లు చూడగానే ఏడ్చేసింది. ఆ రోజు గౌరి మూడో గుర్రమట. బ్లేడు మధ్యలోనే మొద్దుబారింది, మార్చడానికి రెండోది లేదు. సగం చేసిన గుర్రాన్ని వదల్లేక తోసుకుంటూ పోయింది. మోచేతి దగ్గర తెగినప్పుడు పైన మాత్రమే గీసుకుందనుకుందట, నెత్తురు కొంచెమే వచ్చిందట. స్ప్రే కొట్టి, నాకు ఫోన్ చేద్దామని ఫోన్ తీసి, భయమేసి మానేసిందట. రగ్గు వేస్తే స్ప్రే అంటుకుంటుందని వేయలేదట.

నాకు కోపం చాలావరకు పోయింది. కానీ ఒకటి చెప్పాను. ‘నువ్వు ఫోన్ చేసి ఉంటే నేను డ్యూటీలోంచే డాక్టర్‌ని పంపేదాన్ని, గౌరి నాలుగు గంటలు తెరిచిన గాయంతో వానలో నిలబడేది కాదు.’ తలవంచుకుని విన్నది.

50 పౌండ్లు వెనక్కి ఇచ్చేసింది, నేను సగమే అడిగాను. లాయంలెక్కలు గారు అన్నట్టే ఆమె ఇన్సూరెన్స్‌లో ఆ రెండో కవర్ లేదు. డాక్టర్ బిల్లు నెలకు 85 చొప్పున నాలుగు నెలల్లో ఇస్తానని రాసిచ్చింది.

బ్లేడునూనె
రాత్రి 9:50

రోజుకు మూడు గుర్రాలు! ఒక్క సెట్ బ్లేడ్లతో! అదే అసలు తప్పు. నేను మూడు సెట్లు తీసుకెళ్తాను, రెండు గుర్రాలకు మించి ఒప్పుకోను. ఆ అమ్మాయికి ఎవరూ నేర్పించలేదు. వీలైతే నా నంబర్ ఇవ్వండి, ఒక శనివారం నాతో వచ్చి చూడమనండి.

ఇంకో జాగ్రత్త. ఆ రోజు అదే బ్లేడు ముందు రెండు గుర్రాల మీద నడిచింది. మధ్యలో మందుతో శుభ్రం చేసిందా అని అడగండి. రింగ్‌వార్మ్ (తామర) బ్లేడ్ల మీద నుంచి తేలిగ్గా అంటుకుంటుంది. మూడు వారాలపాటు గుండ్రంగా వెంట్రుకలు లేచినా, ఊడినా గమనించండి. అది మనుషులకు కూడా అంటుకుంటుంది, చేతి తొడుగులు వేసుకోండి.

చాళ్ళు సరిచేయడానికి తొందరపడొద్దు. మళ్ళీ మెషిన్ పెడితే ఇంకా పొట్టిగా అవుతుంది. పది పదిహేను రోజుల్లో కొత్త వెంట్రుకలు వచ్చి అవే కలిసిపోతాయి.

కెంటకీగడ్డి
రాత్రి 10:30

ముందుకాళ్ళను కూడా చూసుకోండి అక్కా. ఇన్నాళ్ళూ ఫెదర్ కింద దాగిన చర్మానికి ఇప్పుడు బురద నేరుగా తగులుతుంది. మడమ వెనక పెచ్చులు కడుతున్నాయేమో రోజూ వేళ్ళతో తడిమి చూడండి. రోజూ కడగొద్దు, బురద ఎండాక దులపండి. మంచి విషయం ఏమిటంటే, కాబ్‌లకు ఫెదర్ కింద పురుగులు, పుండ్లు ఉన్నా చాలాసార్లు ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు అంతా కనపడుతుంది.

పచ్చికబయలు
అక్టోబర్ 29, మంగళవారం, ఉదయం 7:10

వచ్చే వారం నవంబర్ 5, బాణసంచా రాత్రి. కుట్లతో ఉన్న గుర్రం బెదిరి పరిగెత్తకుండా లోపలే ఉంచండి. ఈ ఏడు మన దీపావళి కూడా ఇదే వారం వచ్చింది, లెస్టర్ వైపు రోజూ మోతే ఉంటుంది.

ఆ అమ్మాయిని మళ్ళీ పిలుస్తారా?

గౌరివాళ్ళమ్మ
నవంబర్ 16, శనివారం, సాయంత్రం 5:40

ఆలస్యంగా రాస్తున్నాను. కుట్లు 7న తీశారు. చక్కగా అతుక్కుంది, చీము లేదు. రింగ్‌వార్మ్ ఏమీ రాలేదు. కుడి మడమ వెనక రెండు చిన్న పెచ్చులు కనపడ్డాయి. ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో, ఫెదర్ కింద నేను ఎప్పుడూ చూడలేదు. డాక్టర్ ఇచ్చిన మందు రాస్తున్నాను. మొదటి 85 పౌండ్లు ఒకటో తారీఖునే వచ్చాయి.

పచ్చికబయలు అక్కా, మీ ప్రశ్న చాలా రోజులు ఆలోచించాను. బొచ్చు సంగతిలో ఆ అమ్మాయిని ఎప్పుడో మన్నించాను. బ్లేడునూనె అన్న నంబర్ ఇచ్చాను, రెండు శనివారాలు ప్రెస్టన్ వెళ్ళి వచ్చిందట కూడా. నాకు నిజంగా సంతోషం. కానీ గౌరి పక్కన ఆమెను మళ్ళీ ఒంటరిగా ఊహించుకుంటే నాకు ఊపిరి ఆడటం లేదు. యార్డ్‌లో వాళ్ళు అడిగితే జరిగింది మొత్తం చెబుతున్నాను, ఆమె వచ్చి ఒప్పుకుని డబ్బు ఇచ్చిందని కూడా చెబుతున్నాను.

మలక్‌పేటమనవడు
సాయంత్రం 6:20

అంతకన్నా ఎవరూ ఎక్కువ అడగలేరు అక్కా. మళ్ళీ ఎప్పుడు చేయిస్తారు?

గౌరివాళ్ళమ్మ
2025 జనవరి 11, శనివారం, మధ్యాహ్నం 3:15

తమ్ముడూ, ఈ రోజే అయింది. జనవరి దాటితే వేసవి బొచ్చు మొలక మొదలవుతుంది, మెషిన్ పెడితే అదీ పోతుందన్నారు, అందుకని ఇప్పుడే చేయించాం. వేరే ఆయన వచ్చారు. నిన్న మధ్యాహ్నం గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరే రగ్గు వేసి ఉంచాను. ఈ రోజు నేను తాడు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నిలబడ్డాను. రాత్రే ఆయనకు నాలుగు మాటలు రాసి పంపాను: ట్రేస్ క్లిప్, కాళ్ళు వద్దు, మీసాలు వద్దు, చెవులు వద్దు. ఎక్కడైనా తెగితే ఎంత చిన్నదైనా ఆగి నాకు చూపించాలని కూడా రాశాను. ఆయన వచ్చీ రాగానే అడగకుండానే చాక్‌పీసు తీసి గీత గీశారు. నాకు మీ తాతగారు గుర్తొచ్చారు.

మోచేతి దగ్గరకు వచ్చినప్పుడు కాలు నేనే ఎత్తి పట్టుకున్నాను. చేతులు చెమట పట్టాయి. గౌరి మాత్రం కళ్ళు సగం మూసుకుని నిలబడింది. అక్కడ నల్లమచ్చ మధ్యలో, కుట్లు పడిన చోట, సన్నగా తెల్ల వెంట్రుకలు ఒక గీతలా మొలిచాయి.